శంకుస్థాపనకు ముందటి చరిత్ర: నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయం

నెల్లూరు ప్రాంతంలో ఆంగ్ల విద్యావ్యాప్తికి 1840లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్, వెంకటగిరి సంస్థానం ప్రధాన పోషకులుగా నిలిచాయి. ఈ రెండు ధారలకూ భిన్నంగా, జాతీయోద్యమ స్ఫూర్తితో పొణకా కనకమ్మ 1923లో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు. కాలక్రమంలో అది ఉన్నత పాఠశాలగా ఎదిగింది.

1929లో గాంధీజీ ఈ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ ఘట్టానికి లభించిన ప్రాధాన్యం దాని పూర్వరంగానికి లభించలేదు. 1892లో జన్మించిన కనకమ్మకు బాల్యంలోనే వివాహం జరగడంతో బడి చదువు సాగలేదు. ఇంటివద్దనే తెలుగు, సంస్కృత, హిందీ భాషలు అభ్యసించారు. 1913లో మెట్టినిల్లయిన పొట్లపూడిలో సుజనరంజనీ సమాజాన్ని నెలకొల్పి, గ్రంథాలయ సేవకు పూనుకున్నారు. విద్యాలయానికి పునాది ఇక్కడే పడిందని చెప్పవచ్చు. తనకు అందని బడిని ఇతర బాలికలకు అందించడానికి ఆమెకు పదేళ్ల సన్నాహం అవసరమైంది.

శిలాఫలకాలూ ప్రభుత్వ నివేదికలూ మాత్రమే ఆధారాలైతే ఈ పదేళ్లు చరిత్రకు అందవు. మరణానంతరం వెలువడిన ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఈ లోటును తీర్చగలదు. సాహిత్య ప్రక్రియగా మాత్రమే కాక, స్త్రీ విద్యాచరిత్రకు ప్రాథమిక ఆకరంగా కూడా దానిని పరిశీలించవలసి ఉంది.