షక్కర్‌ది కుడిచేతి వాటం

షక్కర్ అనే లఫ్జ్ చాలా దూరం సఫర్ చేసింది. సంస్కృతంలో శర్కర, ఫార్సీలో షకర్, అరబీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్. మన ఇళ్లల్లో కలకండని మిస్రీ అంటాం. మిస్ర్ అంటే ఈజిప్టు. మన బందరు పేరు కూడా ఫార్సీదే, రేవు అని అర్థం. ఈ తీపి తారీఖ్‌లో ఇంకో కిస్సా ఉంది. అది రోష్నీ కిస్సా.

మామూలు వెలుతురు అన్ని దిక్కుల్లో ఊగుతూ వస్తుంది. గాజు మీద పడి ఒక కోణంలో తిరిగొచ్చిన వెలుతురు మాత్రం ఒకే దిక్కులో ఊగుతుంది. 1808లో దీన్ని కనిపెట్టిన మాల్యూ, అంతకుముందు నెపోలియన్ ఫౌజ్‌తో మిస్ర్ వెళ్లొచ్చిన ఫ్రెంచ్ ఇంజనీరు. 1815లో బియో అనే ఇంకో ఫ్రెంచ్ ఆలిమ్ అలాంటి వెలుతురుని షక్కర్ నీళ్లలోంచి పంపాడు. ఆ ఊగే దిక్కు కుడివైపుకి తిరిగింది. షక్కర్ నీళ్లలో కరిగిపోయినా ఈ గుణం పోలేదు. అంటే అది పలుకులో లేదు, అణువులోనే ఉంది.

1848లో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలని చేత్తో ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలా ఉంది. ఒక కుప్ప వెలుతురుని కుడికి తిప్పింది, రెండోది ఎడమకి. ఎందుకన్నది 1874లో వాంట్ హాఫ్, లెబెల్ విడివిడిగా చెప్పారు. ఒక కార్బన్‌కి నాలుగు వేర్వేరు జతలు తగిలితే వాటిని రెండు రకాలుగా అమర్చొచ్చు. జూతీల జోడు లాగన్నమాట. రెండూ ఒకేలా ఉంటాయి, కానీ కుడిది ఎడమ కాలికి పట్టదు.

ఇక మన డెల్టాకి వద్దాం. గుడ్లవల్లేరు, గుడివాడ వైపు ఉయ్యూరు షక్కర్ మిల్లు తెలియనివాళ్లు ఉండరు. వెలగపూడి రామకృష్ణ 1941లో కేసీపీ కంపెనీని మొదలుపెట్టింది ఆ మిల్లుతోనే. ఏ షక్కర్ మిల్లు ల్యాబ్‌లోనైనా పోలారిమీటర్ ఉంటుంది. 26 గ్రాముల అసలు షక్కర్‌ని కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోసి చూస్తే కొలత సరిగ్గా 100 చూపిస్తుంది. చెరకు రసంలో అసలు షక్కర్ ఎంతో ఆ తిరుగుడే చెబుతుంది. దాన్నే పోల్ అంటారు.

చెరకు కోసి ఎండలో వదిలేస్తే లోపల షక్కర్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. గ్లూకోజ్ వెలుతురుని కుడికి తిప్పుతుంది, ఫ్రక్టోజ్ అంతకన్నా జోరుగా ఎడమకి తిప్పుతుంది. పోల్ పడిపోతుంది. జుబాన్‌కి మాత్రం తేడా తెలియదు, రసం తియ్యగానే ఉంటుంది. కానీ విరిగిన షక్కర్ పలుకు కట్టదు, మొలాసిస్‌లోకి పోతుంది. ఆ రసంతో వండిన బెల్లమూ గట్టిపడదు, జిగురుగా ఉండిపోతుంది. బందరు లడ్డూకి పాకం పట్టేవాళ్లకి మంచి బెల్లం ఖద్ర్ బాగా తెలుసు.

అందుకే కోసిన చెరకుని 24 గంటల్లోపే గానుగాడాలంటారు. కేంద్రం ప్రకటించే చెరకు ధర మిల్లు రికవరీతో ముడిపడి ఉంటుంది. గేటు బయట లైన్లో ట్రాక్టర్ ఆగిన ప్రతి గంటా చెరకు తూకమూ తగ్గుతుంది, పోలూ తగ్గుతుంది. పోలారిమీటర్ ఝూట్ చెప్పదు. కానీ షక్కర్ తగ్గింది రైతు మెహనత్‌లో లోపం వల్లా, గేటు దగ్గర ఆలస్యం వల్లా అన్నది అది చెప్పలేదు. ఆ ఇన్సాఫ్ మనుషులే చేయాలి.