అసంపూర్ణ పోటీ

కొనేవారో అమ్మేవారో ధరను తమవైపు వంచుకోగల మార్కెట్‌ను అర్థశాస్త్రం అసంపూర్ణ పోటీ కింద లెక్కిస్తుంది. 1838లోనే ఫ్రెంచి పండితుడు కూర్నో ఇద్దరు అమ్మకందారుల పోటీకి గణితం కట్టినా, దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1926లో పియెరో స్రాఫా 'ఎకనమిక్ జర్నల్'లో రాసిన వ్యాసం ఆర్థికవేత్త మార్షల్ సంప్రదాయాన్ని కుదిపింది. 1933లో ఇదే విషయంపై హార్వర్డ్ నుంచి చేంబర్లిన్ పుస్తకం, కేంబ్రిడ్జ్ నుంచి జోన్ రాబిన్సన్ పుస్తకం వెలువడ్డాయి.

రాబిన్సన్ 1925లో గర్టన్ కాలేజీలో చదువు ముగించారు. ఆడవారికి కేంబ్రిడ్జ్ పూర్తి పట్టా ఇవ్వని కాలమది. 1948 దాకా అదే తీరు. పెళ్లయ్యాక కొన్నాళ్లు భర్తతో గ్వాలియర్‌లో ఉన్నారు. లెక్చరర్ పదవి 1937లో వచ్చింది. అంటే పేరు తెచ్చిన పుస్తకం ముందు, ఆ పదవి తర్వాత! ఆ పుస్తకంలో మనకు ఎక్కువ పనికొచ్చేది మొనాప్సనీ చర్చ, అంటే కొనేవాడు ఒక్కడే అయిన మార్కెట్. కూలికి అతని శ్రమ విలువకన్నా తక్కువ ఎలా ముడుతుందో అందులో చూపారు. కాలంతో నిమిత్తం లేని తన పద్ధతిని తర్వాత ఆమే విమర్శించుకున్నారు.

కర్ణాటకలో కోలారు నుంచి 2007లో విడివడ్డ చిక్కబళ్లాపుర జిల్లాలో, తెలుగు ఇంటింటా వినిపించే బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఈ సిద్ధాంతానికి ఉదాహరణలు వెతకనక్కర్లేదు. పట్టుగూళ్లే చాలు. గూడు కట్టిన సుమారు రెండు వారాలకు పురుగు రెక్కలతో బయటికొస్తుంది. చిల్లుపడిన గూడు నుంచి తెగని దారం రాదు. అందుకే రైతు ఆగలేడు, గూళ్లు కొని దారం తీసే రీలరు ఆగగలడు. ధర బేరంలో అసలు తేడా ఇదే. 1959 నాటి చట్టం లైసెన్సులతో, ప్రభుత్వ మార్కెట్లతో గూళ్ల క్రయవిక్రయాలను అదుపులోకి తెచ్చింది. ఈ జిల్లాలోనే ఉన్న శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్ రాష్ట్రంలో రామనగరం తర్వాత పెద్దది. వేలంలో నలుగురు రీలర్లు ఒకే లాటుకు పోటీపడతారు కనుక రహస్య బేరం తగ్గింది. వాళ్లు ముందే మాట్లాడుకుని వస్తే మాత్రం వేలం కూడా పేరుకే.

చింతామణి టమాటా రైతుదీ ఇదే ఇరుకు, పండు నిలవదు. అయితే కోలారు, మదనపల్లె మార్కెట్లు చేరువలో ఉండటం అతనికి కలిసొచ్చే సంగతి. ఇక్కడ ధర పడితే, బండి కిరాయి గిట్టుబాటైనంతవరకు, సరుకు అటు తిప్పుకోవచ్చు.