లిస్సా వైరస్‌లు

రాబ్డోవిరిడే కుటుంబంలో తూటా ఆకారం గల, క్షీరదాల నాడీమండలంపై దాడి చేసే వైరస్‌ల ప్రజాతిని లిస్సా వైరస్‌లు అంటారు. గ్రీకు భాషలో ‘లిస్సా’ అంటే ఉన్మాదం. పిచ్చికుక్క కాటుతో సోకే రేబీస్ వైరస్ వీటిలో ముఖ్యమైనది. సుమారు 12,000 న్యూక్లియోటైడ్ల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ దీని జన్యుపదార్థం కాగా, అందులోని 5 జన్యువులు 5 ప్రొటీన్లను తయారుచేస్తాయి. వాటిలో పైపొరపై ముళ్లలా నిలిచే గ్లైకోప్రొటీన్ నాడీకణాన్ని అంటిపెట్టుకుంటుంది. దేహరక్షణ వ్యవస్థ గుర్తించి నిరోధించేదీ దానినే.

వ్యాధి లక్షణమైన నీటిభయాన్ని సుశ్రుత సంహిత ‘జలత్రాసం’ పేరుతో వర్ణించింది. పిచ్చికుక్క లాలాజలాన్ని ఆరోగ్యంగా ఉన్న కుక్క గాయానికి పూసి, వ్యాధి దాని ద్వారానే సోకుతుందని 1804లో జర్మన్ వైద్యుడు జింకే నిరూపించాడు. వ్యాధికారకం కంటికి కనిపించకముందే, లూయీ పాశ్చర్, ఎమిల్ రూ దానిని కుందేళ్ల మెదడులో పెంచి, వాటి వెన్నుపామును ఎండబెట్టి బలహీనపరిచే పద్ధతిని రూపొందించారు. 1885 జులై 6న అలా తయారుచేసిన టీకాను తొలిసారిగా పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి వేయగా, అతడు బతికాడు.

1903లో రెమ్లింజే ఈ కారకం బాక్టీరియాను ఆపే వడపోతల గుండా సాగిపోతుందని చూపగా, అదే ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞుడు నెగ్రీ వ్యాధిగ్రస్త నాడీకణాల్లో ప్రత్యేక కణికలను కనుగొన్నాడు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో రూపొందించిన టీకా దశాబ్దాలపాటు భారతదేశానికి ఆధారమైంది; అయితే అందులోని నాడీకణజాలం వల్ల కొందరికి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉండడంతో, కణవర్ధనంలో తయారైన టీకాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

రేబీస్ వైరస్ ఒంటరిది కాదని, 1956లో నైజీరియాలోని గబ్బిలాల్లో బయటపడిన లాగోస్ వైరస్ వల్ల తెలిసింది. తరువాత మొకోలా, డువెన్‌హేగ్ వైరస్‌లు ఆఫ్రికాలో, మరొకటి 1996లో ఆస్ట్రేలియాలో దొరికాయి. ఇప్పటికి గుర్తించిన 15కు పైగా జాతుల్లో అత్యధికం గబ్బిలాల్లోనే ఉన్నందున, ఈ ప్రజాతి వాటిలోనే పుట్టిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గ్లైకోప్రొటీన్ నిర్మాణం బాగా భిన్నంగా ఉన్న లాగోస్, మొకోలా వంటి వాటిపై ప్రస్తుత రేబీస్ టీకాలు సరిగా పనిచేయవు.

కాటు పడినచోట నుంచి రేబీస్ వైరస్ నాడీతంతువుల వెంబడి మెదడుకు చేరడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. లక్షణాలు మొదలైతే మరణం దాదాపు తప్పదు గనుక, మనిషిని కాపాడే అవకాశం ఈ వ్యవధిలోనే ఉంది. వెంటనే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకాను, గాయం తీవ్రమైనదైతే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను ఇవ్వడం ద్వారా వైరస్ మెదడును చేరకముందే దానిని అడ్డుకోవచ్చు.