‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’: ఒక ర్యాప్ ఆల్బమ్ నిర్మాణం, విడుదల, ఆదరణ

అమెరికా ర్యాప్ కళాకారుడు కెండ్రిక్ లమార్ మూడవ స్టూడియో ఆల్బమ్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ 2015 మార్చిలో వెలువడింది. టాప్ డాగ్, ఆఫ్టర్‌మ్యాత్, ఇంటర్‌స్కోప్ సంస్థలు దీనిని విడుదల చేశాయి. ఇందులో 16 గీతాలున్నాయి. నిడివి దాదాపు 79 నిమిషాలు. పేరు, డబ్బు వచ్చిన నల్లజాతి కళాకారుణ్ని వ్యాపారం ఎలా వాడుకుంటుంది, తాను విడిచివచ్చిన వీధికి అతడు ఏమి బాకీ ఉన్నాడు అనే రెండు ప్రశ్నల చుట్టూ ఈ ఆల్బమ్ సాగుతుంది. హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను గుర్తుకు తెచ్చే ఈ పేరులో సీతాకోకచిలుక కళాకారుడికి ప్రతీక. దానిని అంగట్లో నిలబెట్టి సొమ్ము చేసుకోవడమే ‘పింప్’ అనే మోటు మాటకు ఇక్కడి అర్థం.

లమార్ 1987లో లాస్ ఏంజెలిస్ సమీపంలోని కాంప్టన్‌లో జన్మించారు. ముఠా కక్షలకు పేరుపడిన ఊరు అది. ప్రసిద్ధ గాయకులు టుపాక్ షకుర్, డాక్టర్ డ్రే ఆ ఊళ్లో ఒక వీడియో చిత్రీకరిస్తుండగా ఎనిమిదేళ్ల లమార్ తండ్రి భుజాలపై కూర్చొని చూశారు. 2012 నాటి ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ ఆల్బమ్ ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. అయితే ఆయన కచేరీలతో దేశాలు తిరుగుతున్న రోజుల్లోనే కాంప్టన్‌లో మిత్రులు ప్రాణాలు కోల్పోయారు. ఆ సమయంలో తాను దగ్గర లేననే అపరాధభావం కొత్త ఆల్బమ్‌లోని ‘యు’ గీతంలో వినిపిస్తుంది. హోటలు గదిలో ఒంటరిగా, మద్యం మత్తులో, తనను తానే నిందించుకునే మనిషి గొంతు అది. తనను తాను ప్రేమించుకోవడం గురించిన ‘ఐ’ గీతం దానికి సమాధానంగా నిలుస్తుంది.

2014లో చేసిన దక్షిణాఫ్రికా పర్యటన ఆల్బమ్ రూపురేఖలను మార్చివేసింది. నెల్సన్ మండేలా 18 సంవత్సరాలు బందీగా ఉన్న రాబెన్ దీవిలోని జైలు గదిని లమార్ సందర్శించారు. తిరిగి వచ్చాక, అంతకుముందు సిద్ధమైన పాటల్లో చాలావాటిని పక్కన పెట్టారు. ‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ గీతానికి నేపథ్యం ఆ దేశమే. పెట్రోలు బంకు వద్ద చేయి చాచిన యాచకుడికి ఒక్క డాలరు ఇవ్వడానికి నిరాకరించిన ధనికుడికి, ఆ వచ్చినవాడు భగవంతుడని చివరికి తెలుస్తుంది. మారువేషంలో పరీక్షించే దేవుళ్ల కథలు విన్న మన శ్రోతలకు ఈ మలుపు కొత్తగా అనిపించదు.

సంగీతం విషయంలో లమార్ తీసుకున్న నిర్ణయం సాహసమే. అప్పటి విజయవంతమైన ర్యాప్ బాణీని అనుసరించకుండా జాజ్, ఫంక్ సంప్రదాయాలను ఆశ్రయించారు. టెర్రేస్ మార్టిన్, సౌన్‌వేవ్, ఫ్లయింగ్ లోటస్ తదితరులు స్వరరచనలో పాలుపంచుకున్నారు. థండర్‌క్యాట్ బేస్ గిటార్, కమాసి వాషింగ్టన్ శాక్సఫోన్, రాబర్ట్ గ్లాస్పర్ పియానో వాయించారు. ఫంక్ దిగ్గజం జార్జ్ క్లింటన్ తొలి గీతంలోనే వినిపిస్తారు.

ఆల్బమ్‌కు వెన్నెముక మాత్రం వాద్యాలు కాదు, ఒక వచన కవిత. పాటల మధ్య అది కొద్ది పంక్తులుగా మొదలై, వచ్చిన ప్రతిసారీ మరికొంత పెరుగుతుంది. ఎవరికి వినిపిస్తున్నారో చివరి గీతం ‘మోర్టల్ మ్యాన్’ వరకు తెలియదు. అక్కడ జవాబిచ్చే గొంతు, 1996లో లాస్ వేగాస్‌లో కాల్పులకు గురై మరణించిన టుపాక్‌ది. స్వీడన్ ప్రజా ప్రసార సంస్థ స్వీడిష్ రేడియోకు చెందిన మాట్స్ నిలెస్కర్ 1994లో ఆయనతో జరిపిన ఇంటర్వ్యూలోని సమాధానాల మధ్య లమార్ తన ప్రశ్నలు చేర్చి, సంభాషణగా మలిచారు. రెండు దశాబ్దాల నాటి రేడియో రికార్డింగు భద్రంగా ఉండబట్టే ఇది సాధ్యమైంది. గొంగళిపురుగు, సీతాకోకచిలుకల పోలికను వివరించి అభిప్రాయం అడిగినప్పుడు మాత్రం టుపాక్ పలకరు. లమార్ పేరు పెట్టి పిలుస్తారు. నిశ్శబ్దంతో ఆల్బమ్ ముగుస్తుంది. మొదట అనుకున్న ‘టు పింప్ ఎ కాటర్‌పిల్లర్’ అనే పేరులోని ఆంగ్ల అక్షరాలలోనూ టుపాక్ పేరు ఇమిడి ఉంది.

మార్చి 23న రావలసిన ఆల్బమ్ 15వ తేదీ రాత్రే ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. తొలివారం అమెరికాలో 3,24,000 ప్రతుల అమ్మకాలతో బిల్‌బోర్డ్ 200 పట్టికలో ప్రథమ స్థానం పొందింది. శ్వేతసౌధం ముందు నల్లజాతి యువకులు, పిల్లలు గుమిగూడిన నలుపు తెలుపు ముఖచిత్రం కూడా చర్చనీయాంశమైంది.

విమర్శకులు ఆకాశానికెత్తినా, వివాదాలు తప్పలేదు. ‘ది బ్లాకర్ ది బెర్రీ’ గీతం జాత్యహంకారంపై ఆగ్రహంతో సాగి, చివర్లో సాటి నల్లజాతీయుణ్ని చంపిన తాను ట్రేవాన్ మార్టిన్ మరణానికి కన్నీరు పెట్టడం కపటం కాదా అని కథకుడు తననే ప్రశ్నించుకోవడంతో ముగుస్తుంది. బాధితుల మీదే నింద మోపుతున్నారని నల్లజాతి రచయితలు కొందరు ఆక్షేపించారు. ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ పోలీసు కాల్పుల్లో మరణించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ ఆక్షేపణను తేలికగా కొట్టివేయలేము.

‘ఆల్‌రైట్’ గీతం మాత్రం వీధుల్లోకి నడిచింది. 2015 జూన్‌లో బీఈటీ పురస్కారాల వేదికపై పోలీసు కారు మీద నిలబడి లమార్ దానిని పాడగా, ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత హెరాల్డో రివేరా తీవ్రంగా తప్పుపట్టారు. ఆ పల్లవి చెప్పేది చివరికి అంతా బాగుంటుందనే ఆశ మాత్రమే. మరుసటి నెల క్లీవ్‌లాండ్‌లో పోలీసులతో ఎదురుపడిన నిరసనకారులు ఆ పల్లవినే నినాదంగా అందుకున్నారు.

అదే జూన్‌లో లమార్ న్యూజెర్సీలోని నార్త్ బెర్గన్‌లో ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లారు. అక్కడి ఆంగ్ల ఉపాధ్యాయుడు ఈ ఆల్బమ్‌ను టోనీ మారిసన్ నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’తో జోడించి పాఠం చెప్పారు, విద్యార్థులు తాము రాసినవి గాయకుడికి వినిపించారు. అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ ఏడాది తనకు నచ్చిన పాటగా ‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ను పేర్కొన్నారు.

2016 గ్రామీ పురస్కారాలకు లమార్ 11 నామినేషన్లు పొందారు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ సహా ఐదు పురస్కారాలు లభించగా, ఆ ఏటి అత్యుత్తమ ఆల్బమ్ గౌరవం టేలర్ స్విఫ్ట్ ‘1989’కు దక్కింది. లమార్ తరువాతి ఆల్బమ్ ‘డ్యామ్’ 2018లో సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి అందుకుంది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి రచనకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.