నీళ్ళేగా!

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా వారు వంటింటి గుమ్మంలో నిలబడి, "పాత టబ్బు ఏదైనా వుందా?" అని అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వంటింటి దాకా వచ్చి ఏదైనా పాత్ర అడిగారంటే, అది మళ్ళీ నా చేతికి రాదని నాకు బాగా తెలుసు.

"దేనికి?" అన్నాను.

"కారులో కూలెంట్ మార్చాలి. మెకానిక్కుని అడిగితే రేపంటాడు, ఎల్లుండంటాడు. మనమే చేసుకుంటే పోలా?"

పోయిందండీ! టబ్బులోకి పోవలసింది కాస్తా పోర్టికో అంతా పోయింది. కింద కుళాయి తిప్పగానే ధార టబ్బు అంచు దాటి దూకి, తెల్లవారుజామున నేను పెట్టిన చుక్కల ముగ్గు మీదుగా పచ్చగా పారింది. "నీళ్ళేగా, రెండు బకెట్లు కుమ్మరిస్తే సరి" అన్నాను, పైకి ధైర్యంగానే. ఇంతలో పక్కింటి పిల్లి గోడ దిగి వచ్చి ఆ మడుగులో మూతి పెట్టబోయింది. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు ఒక్క ఉదుటున వెళ్ళి దాన్ని అదిలించాడు.

"నీళ్ళు కావత్తయ్యా, తియ్యటి విషం! చెంచాడు తాగినా పిల్లి బతకదు" అన్నాడు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మన వాకిట్లో నిలబెట్టుకున్న కారు కడుపులో విషం వుందా? ఎప్పుడు చేరింది? ఎందుకు చేరింది? ఆ వారమంతా వాడి పుస్తకాలూ నా పుస్తకాలూ తిరగేస్తే తేలిన కథ ఇది.

మొదట్లో మాత్రం అవి నిజంగా నీళ్ళే. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు ఆయన వ్యాపారంలో పెట్టిన ఇల్లాలు బెర్తా. బండి తయారయింది గాని కొనే నాథుడు లేడు. 1888 ఆగస్టులో ఒకరోజు బెర్తా భర్తకి చెప్పకుండా పదిహేనేళ్ళ పెద్దవాణ్ణీ, పదమూడేళ్ళ చిన్నవాణ్ణీ వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో వున్న పుట్టింటికి ఆ బండి మీదే బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. అంతదూరం మోటారు బండి నడిపిన వాళ్ళు అంతకుముందు లేరు. పుట్టింటికి పోవాలన్న పట్టుదల ఆడదాని చేత ఏమైనా చేయిస్తుందని మనకి వేరే చెప్పాలా?

ఇంధనం గొట్టంలో నలక పడితే టోపీ పిన్నుతో తీసింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టే అతని చేత తోలు కొట్టించింది. కాని దారి పొడుగునా ఆమెని వేధించింది దాహం. ఆమె దాహం కాదు, బండి దాహం! ఇంజను చుట్టూ నింపిన నీళ్ళు దాని వేడికి మరిగి ఆవిరై పోతుండేవి. సత్రం కనిపిస్తే సత్రంలో, వాగు కనిపిస్తే వాగులో, ఏదీ లేకపోతే రోడ్డు పక్క కాలవలో ముంచి పోసుకుంటూ వెళ్ళింది. ఆ నీళ్ళు ఎక్కడ ఒలికినా ఎవరికీ ఏమీ కాదు. ఏ కుక్కో తాగి తోక ఆడించుకుంటూ పోయి వుంటుంది.

ఇలా నీళ్ళు మోసుకుంటూ ఎంత దూరమని? ఈ చిక్కు విప్పినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900లో ఆయన తేనెపట్టు లాంటి రేడియేటరు తయారుచేశాడు. ఎనిమిది వేల పైచిలుకు సన్నటి గొట్టాలు, వాటిలోంచి గాలి, వాటి చుట్టూ నీళ్ళు. వేడిపాలు పళ్ళెంలో పోస్తే తొందరగా చల్లారినట్టు నీళ్ళు చల్లారి మళ్ళీ ఇంజనుకి చేరేవి. ఆవిరై పోవడం ఆగింది, నీళ్ళు కొద్దిగా వుంటే చాలు. ఆ రేడియేటరు అమర్చిన కారుకి, దాన్ని చేయించుకున్న ఆసామి తన పదకొండేళ్ళ కూతురి పేరు పెట్టాడు. ఆ పిల్ల పేరు మెర్సిడెస్.

ఎండ సంగతి తేలింది, ఇక చలి పట్టుకుంది. చలిదేశాల్లో రాత్రికి రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీళ్ళు ఇంచుమించు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. నిండా నీళ్ళు పోసిన సీసాని ఫ్రీజరులో మర్చిపోయిన ఇల్లాలికి పొద్దున కనిపించే దృశ్యం తెలుసుగా? ఇనప ఇంజనుకీ అదే గతి. అందుకని శీతాకాలంలో కారున్న వాళ్ళు రాత్రి కింద కుళాయి విప్పి నీళ్ళు వంపేసి, పొద్దున వేణ్ణీళ్ళు కాచి పోసుకునేవారు. ఇంట్లో కారు నీళ్ళు వంపడమనే పని అలా మొదలయింది. రాత్రి గిన్నెలు బోర్లించినంత మామూలుగా చేసేవారు.

రోజూ చేసే పని ఎవరికైనా విసుగేగా. గడ్డకట్టకుండా నీళ్ళలో ఏమేమి కలిపారనుకున్నారు! తేనె కలిపారు, పంచదార కలిపారు, సారా కలిపారు. తీపివి ఇంజనులో జిగురై కూర్చున్నాయి, సారా వేడికి ఎగిరిపోయింది. చివరికి 1850లలో ఫ్రాన్సులో వుర్ట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ పనికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు మందులకి వాడిన సరుకే అది. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో కార్ల కోసం డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టారు. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపితే సున్నాకి కింద ముప్ఫై డిగ్రీలు దాటినా గడ్డకట్టదు, వేడికి ఎగిరిపోదు. రంగు లేదు, వాసన లేదు, రుచి తియ్యన. రాత్రుళ్ళు నీళ్ళు వంపే పని తప్పింది. కాని నీళ్ళు నీళ్ళుగా వుండటం అక్కడితో సరి.

"చలిదేశాల గొడవ మనకెందుకండీ?" అంటారా? నేనూ అలాగే అన్నాను. నా చిన్నప్పుడు మా నాన్నగారి అంబాసిడర్‌లో పోసింది నీళ్ళే. శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను మరిగి ఆవిరి చిమ్మేది. అందరం దిగి చెట్టుకింద పులిహోర తింటుంటే, నాన్నగారు క్యానుతో నీళ్ళు పోసేవారు. ఒకసారి ఆత్రంగా మూత తిప్పి ముంజేయి కాల్చుకున్నారు. ఆ మచ్చ ఆఖరిదాకా పోలేదు. ఆ మూత కుక్కరు మూత లాంటిది. లోపల ఒత్తిడి వుండబట్టి నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరక్కుండా వుంటాయి, మూత తీశామా, ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి.

పైగా మన బోరు నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. కుక్కరు అడుగున పట్టే తెల్లటి గార ఇంజనులోనూ పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. కూలెంటులో తుప్పు పట్టనివ్వని మందులు కూడా వుంటాయి. అవి కొన్నేళ్ళకి నీరసించిపోతాయి. అందుకే మనకి చలి లేకపోయినా కూలెంటు కావాలి, అప్పుడప్పుడూ పాతది వంపి కడగాలి.

విషం మాటకి వస్తే, గ్లైకాల్ ఒంట్లోకి వెళ్ళాక ఆమ్లాలుగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. ముందు మత్తెక్కినట్టు తూలుతారు, అసలు దెబ్బ తర్వాత తెలుస్తుంది. తాగారన్న అనుమానం వచ్చినా చిట్కాలు పెట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మరి తియ్యటిదాన్ని పసివాళ్ళూ పిల్లులూ నోట పెట్టకుండా ఎలా? అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఒక గృహిణి ఈ ప్రశ్నే పట్టుకుంది. డెనటోనియం అని, 1958లో స్కాట్లండులో బయటపడ్డ పదార్థం వుంది. వేపాకు దాని ముందు పాయసం! అది రవ్వంత కలపండి, పిల్లలు ఉమ్మేస్తారు అంటూ ఆవిడ వదలకుండా వెంటపడింది. 1991లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. చేదు కలిపితే విషం విరగదు. కాని పాలు మాన్పించడానికి వేపాకు రాసిన తల్లులకి, చేదు విలువ విడమరిచి చెప్పాలా?

మర్నాటి ఆదివారం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పెత్తనం నాది. రాత్రంతా నిలిపి వుంచి, కారు పూర్తిగా చల్లబడ్డాకే మూతకి చెయ్యి తగలనిచ్చాను. పిల్లల్ని లోపలికి పంపి గేటు వేయించాను. కింద పాత గోనెపట్టా, దానిమీద వెడల్పాటి టబ్బు. కుళాయి మూతికి రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొస టబ్బు అడుగుకి ఆనించాం. పై మూత బిగించే వుంచి కుళాయి కొంచెమే తిప్పితే, పైనుంచి గాలి అందక ధార సన్నగా వస్తుంది. టబ్బులో కుదురుగా పడుతోందని చూసుకున్నాకే మూత వదులు చేశాం. మొదటిసారి మేం చేసింది సరిగ్గా తలకిందులు!

తర్వాత డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటరు పెట్టి ఇంజను వేడెక్కేదాకా నడిపి, మళ్ళీ పూర్తిగా చల్లారాక వంపాం. తేటనీళ్ళు వచ్చేదాకా అలా మూడుసార్లు. ఆఖరున కంపెనీ పుస్తకంలో రాసిన రకం కూలెంటు పోసి, గాలి బుడగలు పోయేదాకా చూసి మూత బిగించాం. రెండు చుక్కలు ఒలికితే వాటిమీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి మూటగట్టాం. పాత కూలెంటుని కాలవలో పారబోయకుండా మూతున్న క్యానులో పోసి, పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, పాత నూనెలు తీసుకునే వర్క్‌షాపులో ఇచ్చి వచ్చారు మా వారు. కూల్‌డ్రింకు సీసాలో మటుకు పోయనివ్వలేదు. దాహంతో వచ్చినవాడు సీసాని చూస్తాడు గాని రాతని చూడడు.

పని ముగిసేసరికి గోడమీద పిల్లి కూర్చుని వుంది. కిందికి దిగి, శుభ్రంగా వున్న పోర్టికో అంతా వాసన చూసి, ఏమీ దొరక్క నావంక కోపంగా చూసింది. లోపలికి వెళ్ళి చిన్న పళ్ళెంలో నీళ్ళు తెచ్చి పెట్టాను.

"అదేమిటి?" అన్నారు మా వారు.

"నీళ్ళేలెండి" అన్నాను.