బరువు ముందా? భంగిమ ముందా?

వెయిట్‌లిఫ్టింగ్ అనగానే మనకి కండలే గుర్తొస్తాయి. కానీ ఆ ఆట చరిత్ర చూస్తే అందులో అసలు గొడవంతా భంగిమ గురించే అనిపిస్తుంది. ఒక్క ఘట్టం చెప్తాను.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నుంచి పోటీలో మూడు లిఫ్టులు ఉండేవి. స్నాచ్ అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల మీదికి లేపడం. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల దాకా, ఆ తర్వాత కాళ్ళ ఊపుతో పైకి. మూడోది ప్రెస్. ఇందులో ఊపు కుదరదు. భుజాల మీదున్న బార్‌ని నిటారుగా నిలబడి, మోకాళ్ళు వంచకుండా, చేతుల బలంతోనే పైకి నెట్టాలి. అచ్చంగా బలపరీక్ష అన్నమాట.

రూలు బానే ఉంది. కానీ స్కోరుబోర్డు మీద పడేది కిలోలే కదా, భంగిమ కాదు! నడుము కాస్త వెనక్కి వాలిస్తే ఛాతీ కండరాలు కూడా సాయమొచ్చి ఇంకొంచెం బరువు లేస్తుందని లిఫ్టర్లు కనిపెట్టారు. 1960ల కల్లా అది నిలబడి చేసే బెంచ్ ప్రెస్‌లా తయారైంది. ఎంత వాలితే తప్పు? ఒక రెఫరీ సరే అన్నదాన్ని ఇంకో రెఫరీ కాదనేవాడు. 1972 మ్యూనిక్‌లో వసీలీ అలెక్సీవ్ 235 కిలోలు ప్రెస్ చేశాడు. ఆ ఒలింపిక్స్ అయ్యాక ప్రెస్‌నే ఎత్తేశారు. తప్పొప్పులు తేల్చడం కష్టమవడం ముఖ్య కారణం, నడుములు దెబ్బతింటాయన్న భయం ఇంకోటి.

ఇందులో లిఫ్టర్ల మోసం ఏమీ లేదని నా అభిప్రాయం. దేన్ని కొలిస్తే అదే పెరుగుతుంది. బగ్గుల లెక్క చూసి అప్రైజల్ ఇస్తే ఏమవుతుందో మనకి తెలీనిదా?

మిగిలిన రెండు లిఫ్టుల్లోనే మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. ఈ లిఫ్టుల్లో బార్ ఒంటికి దూరంగా జరిగితే ఎంత బలమున్నా లేవదు.

ఇప్పుడు మన సంగతి. జిమ్ములో చేరగానే ప్రతిసారీ 2.5 కిలోలు పెంచమనే ప్రోగ్రామ్ మొదలెడతాం. అక్కడ రెఫరీ ఉండడు. అంకె పెరుగుతుంటుంది, స్క్వాట్‌లో లోతు తగ్గుతుంటుంది, డెడ్‌లిఫ్ట్‌లో వీపు గూనిలా వంగుతుంటుంది. అలవాటైన వంకర మీద బరువు పేర్చాక సరిదిద్దుకోవడం మహా కష్టం. పైగా మనవి రోజంతా కుర్చీలో బిగుసుకుపోయిన నడుములు.

అందుకే ముందు కొన్ని వారాలు ఖాళీ బార్‌తోనే చెయ్యండి. మగవాళ్ళ బార్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15. అదీ బరువనిపిస్తే కర్ర చాలు. తెలిసినవాళ్ళని పక్కన నిలబడి చూడమనండి, లేదా పక్కనుంచి వీడియో తీసుకోండి. పది సార్లూ ఒకేలా వచ్చాక ప్లేట్లు ఎక్కించండి. అవి ఎక్కడికీ పోవు.