భోజనమునకు వేళ ఏది?

కరీంనగరు నుండి జగిత్యాలకు పోవు మార్గమునకు చేరువలో గంగాధర అను ఊరు గలదు. వెయ్యి సంవత్సరములకు పూర్వము ఆ ఊరిలో వ్రాయబడిన ఒక గ్రంథమునందు, మన ఇంటి కుండను, కంచమును గూర్చిన మంచి మాటలున్నవని మనలో ఎందరికి తెలియును?

అప్పుడు ఈ సీమను వేములవాడ చాళుక్యులు ఏలుచుండిరి. వారికి పైవాడు రాష్ట్రకూట చక్రవర్తియైన మూడవ కృష్ణుడు. ఆ కాలమున సోమదేవసూరి అను జైన సన్న్యాసి గంగాధరలో నుండి 'యశస్తిలకము' అను సంస్కృత గ్రంథమును శక సంవత్సరము 881 చైత్రమాసమున, అనగా క్రీ.శ. 959లో, ముగించెను. తరువాత 966లో వేములవాడ రాజగు మూడవ అరికేసరి అచ్చటి జైనాలయము నిమిత్తము ఆయనకు ఒక గ్రామమును దానమిచ్చినట్లు రాగిరేకుల శాసనము చెప్పుచున్నది.

యశస్తిలకము యశోధరుడను రాజు కథ. అందులో మూడవ ఆశ్వాసమున సజ్జనుడను వైద్యుడు రాజుకు ఆరోగ్యమును గూర్చి బోధించును. రోగము వచ్చిన తరువాత ఇయ్యవలసిన మందులకంటె, రోగము రాకుండ బ్రదుకు విధమే అచ్చట ముఖ్యము. ఏ ఋతువున ఏ రుచులు మేలో, ఏవి కీడో చెప్పి, భోజనమునకు తగిన వేళ ఏదను ప్రశ్నకు వచ్చును. ఒక పెద్ద రాత్రియనెను, మరియొకడు ప్రొద్దు క్రుంకు వేళయనెను, ఇంకొకడు మిట్టమధ్యాహ్నమనెను, చరకుడు ఉదయమనెను. వైద్యుడు నలుగురి మతములను చెప్పి, తన తీర్పు ఇచ్చెను: ఆకలి ఎప్పుడు కలుగునో అదియే భోజనవేళ. నీళ్లను గూర్చియు ఆయన మాట అట్టిదే. తగిన రీతిని త్రాగిన నీరు అమృతము, తగని రీతిని త్రాగిన అదే నీరు విషము.

సోమదేవుడు 'నీతివాక్యామృతము' అను మరియొక గ్రంథమును కూడ వ్రాసెను. అది రాజనీతి గ్రంథమే గాని, అందులో మనుష్యుని దినచర్యకు ఒక ప్రకరణమున్నది. తెల్లవారకముందే లేవవలెనట. ఒంటికి చెమట పట్టువరకు శ్రమ చేయవలెను గాని శక్తికి మించి చేయరాదట. ఎండలోనుండి వచ్చిన వెంటనే నీళ్లలో దిగరాదట. ఆకలి లేనివాడు తినిన అమృతమైనను విషమగునట. మితముగా తినువాడే చాలకాలము తినుచు, కడకు ఎక్కువ తినినవాడగునట. మరియు నిద్రను, ఆకలిని, మలమూత్రములను బలవంతముగా ఆపుకొనరాదని ఆయన గట్టిగా హెచ్చరించెను.

చదువరీ, ఈ మాటలు రాజులకు చెప్పబడినవి. రాజునకు వంటవాడు సిద్ధము, వైద్యుడు సిద్ధము. పల్లెలో మనకు ఇవి ఏల అని నీవు అడుగవచ్చును. అయినను ఒక్కసారి నీ ఇల్లు చూచుకొనుము. తెల్లవారుజామున లేచి, పొయ్యి వెలిగించి, అందరికి వడ్డించి, నాట్లకు పోవు ఇల్లాలు ఎప్పుడు తినును? ఆమె ఆకలిని ఎవరు అడిగిరి? పిల్లలు, మగవారు తినిన తరువాత అడుగున మిగిలినదే ఆమె పాలు. పొలములో చాటు లేదని ఆమె మూత్రమును ప్రొద్దంతయు ఆపుకొనును. అందుకని నీళ్లే త్రాగదు. మూత్రములో మంట, జ్వరము అట్లు వచ్చుట నేటి డాక్టర్లును ఎరిగినదే. ఆ సన్న్యాసి రాజుకు వద్దన్న దానిని మన యింటి ఆడుబిడ్డ దినదినము చేయుచున్నది. ఇంటికి మరుగుదొడ్డి, పొలములో మరుగైన చోటు, ఆమె కంచములో వేళకు అన్నము, ఇవి ఆమెకు మనము బాకీపడినవి.

మగవారి సంగతి వేరొక విధము. పూర్వము నాగలి పట్టినవానికి చెమట పట్టించు శ్రమ ఎవరును నేర్పనక్కరలేదు. నేడు ట్రాక్టరు దున్నును, యంత్రము కోయును, మోటారుబండి ఊరు దాటించును. కంచములోని అన్నము మాత్రము తగ్గలేదు. పెండ్లి విందులలో ఆకలి తీరిన తరువాత కూడ మొగమాటమునకు తిందుము. కావుననే షుగరు, బీపీ పట్నమువారి రోగములని ఇక చెప్పజాలము.

అయితే పాతదంతయు నేటికి సరిపడునని ఎంచవద్దు. వాతము, పిత్తము, శ్లేష్మము అని వారు లెక్కించిన రోగకారణములకు మించి నేటి వైద్యశాస్త్రము చాల కనుగొనెను. షుగరుకు మాత్రలు గాని సూది గాని తీసికొనువారు ఆకలి కొరకు వేచియుండక, డాక్టరు చెప్పిన వేళకే తినవలెను. పాత మాట విని మాత్రలు మానుట ప్రాణాపాయము.

కాని ఒంట్లో కొంచెము నలతయైనంతనే, "ఒక సూది వేయుము, ఒక సీసా ఎక్కించుము" అని అడుగు అలవాటు మనలో ప్రబలినది. సూది వేయువాడు మన నిద్రను నిద్రపోలేడు, మన చెమటను చెమర్చలేడు, మన కంచమునుండి చేయి తీయలేడు. ఆ పని ఎవరిది వారిదే. అది వెయ్యేండ్ల క్రిందట మన సీమలోనే చెప్పబడినది.

ఈ రాత్రి వడ్డించునప్పుడు ఒక పని చేయుము. మొదట నీ ఆకలిని అడుగుము. తరువాత వడ్డించుచున్న ఆమెను, "నీవు తింటివా?" అని అడుగుము. తినలేదనినయెడల ఆమెకును కంచము పెట్టి, కలిసి కూర్చుండుడి.